మెట్ల కింది కంత

విజయేందర్ ఆ ఇంట్లో అంటించింది జానెడు మేర టేపు. అంతకు మించి ఏ పాపమూ చెయ్యలేదు. కానీ ఇప్పటికీ షాపుకు ఏదైనా పార్సిల్ వస్తే దాని టేపు తను ముట్టుకోడు, ఎదుటివాడి చేతికిచ్చి విప్పమంటాడు. ఎందుకో తెలియాలంటే ఆర్థర్ గారి కంప్యూటర్ సంగతి మొదటినుంచీ చెప్పాలి.

ఆర్థర్ గారు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా పనిచేశారు. ఎన్ని బోగీలు విప్పి బిగించారో లెక్కలేదు గానీ, ఇంజన్ ఎక్కి బండి నడిపింది మాత్రం ఒక్కనాడూ లేదు. ఆ కోరిక లోపల అలాగే ఉండిపోయింది. అందుకే రిటైరయ్యాక, కాప్రాలో కట్టుకున్న ఇంట్లో మంచి గేమింగ్ కంప్యూటర్ పెట్టించుకుని, రైలు నడిపే ఆట మొదలుపెట్టారు. పొద్దున ప్రార్థన అయిందంటే చాలు, హెడ్‌ఫోన్లు తగిలించుకుని డ్యూటీ ఎక్కేసేవారు. అరవై రెండేళ్ళ మనిషి స్టేషన్ స్టేషన్‌కీ హారన్ కొడుతుంటే, బడిపంతులమ్మగా చేసి రిటైరైన ఆయన భార్య కాంతమణి గారు మొదట్లో పడీపడీ నవ్వారు. తర్వాత అలవాటైపోయింది. భోజనానికి పిలవాలంటే సిగ్నల్ పడేదాకా ఆగేవారు.

ఆ కంప్యూటర్ కట్టిచ్చింది విజయేందరే. సైనిక్‌పురిలో చిన్న షాపు. చెయ్యి తిరిగినవాడు. ఆ సంగతి అందరికంటే తనకే ఎక్కువ తెలుసు, అదీ వచ్చిన చిక్కు. తన చేతి మిషన్ రిపేరుకని మళ్ళీ తన గడప తొక్కదని పదిమందిలో చెప్పుకునేవాడు. కాబట్టి నవంబర్ నెలాఖర్లో ఆర్థర్ గారు ఫోన్ చేసి, బండి ఈడ్చుకుంటూ నడుస్తోంది బాబూ అనగానే వాడికి ఒళ్ళు మండింది.

తెర మీది బొమ్మ సెకనుకు అరవై సార్లు మారితే కదలిక నీళ్ళు పారినట్టు సాఫీగా ఉంటుంది. ఆ ఒక్కో బొమ్మనీ ఫ్రేము అంటారు. ఆర్థర్ గారి తెర మీద ఆ అరవై కాస్తా పద్నాలుగుకు పడిపోయింది. మూలన పచ్చ రంగులో అంకె కనబడుతూనే ఉంటుంది కదా, పద్నాలుగు, పదమూడు, మళ్ళీ పద్నాలుగు. బండి ప్లాట్‌ఫాం మీదికి రావడం, బిగుసుకుపోవడం.

మొదటిసారి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే గుప్పుమంది, కుళ్ళిన గుడ్డు వాసన. కాంతమణి గారు నొచ్చుకుంటూ కిటికీ రెక్క వేశారు. ఈ ఏడు చెరువు మరీ కంపు కొడుతోంది నాయనా, ఏమీ అనుకోకు అన్నారు. కాప్రాలో ఏ వాసన వచ్చినా చెరువు మీదికి తోసెయ్యడం అందరికీ అలవాటే. విజయేందర్ కూడా తల ఊపేశాడు.

ఆ ఇంటి అమరిక కాస్త చెప్పాలి. హాల్లోంచి డాబా మీదికి మెట్లు. మెట్ల కింద తలుపున్న అల్మారా. అందులో ఇన్వర్టర్, దాని బ్యాటరీ, పై అరలో కిందటి క్రిస్మస్‌కి వాడిన కాగితపు స్టార్, థర్మకోల్ పశువులపాక. బొద్దింకలు రాకుండా కాంతమణి గారు ఆ తలుపు సందుల్లో పాత చీర పేలికలు కుక్కారు. అల్మారాకు అవతలివైపు ప్లైవుడ్ అడ్డం పెట్టి ఆర్థర్ గారు చిన్న కంప్యూటర్ గది చేయించుకున్నారు. ఇన్వర్టర్ వైరు అటు లాగడానికి వడ్రంగి ఆ ప్లైవుడ్‌లో చెయ్యి దూరేంత కంత కోసి, అలాగే వదిలేసి పోయాడు. కంప్యూటర్ డబ్బా సరిగ్గా ఆ కంతకు ఆనుకుని కూర్చుంది. కంత వైపున, దుమ్ము ఆపే జాలీ వెనక దానికి రెండు ఫ్యాన్లు, బయటి గాలిని లోపలికి లాక్కునేవి.

విజయేందర్ స్క్రూడ్రైవర్ తీశాడో లేదో, ఆర్థర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. వరండాలో మీటరు బోర్డు దగ్గరికి వెళ్ళి మెయిన్ పిడి కిందికి లాగారు. మెట్ల కింద టక్‌మని చప్పుడైంది. ఇన్వర్టర్ అందుకుంది. హాల్లో ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది. విజయేందర్‌కు నవ్వొచ్చింది.

"ప్లగ్గు పీకితే సరిపోతది సార్. గింత పనికి మెయిన్ ఎందుకు?"

ఆర్థర్ గారు రెండు చేతులూ వాడి మొహం ముందు చాపారు. "ఏ పనికైనా ముందు మెయిన్ ఆపాలి బాబూ. ముప్పై నాలుగేళ్ళు మిషన్ల మధ్య తిరిగాను. పది వేళ్ళూ ఉన్నాయి చూడు."

ఉన్నాయి. నల్లబడి, కాయలు కాసి, పదికి పదీ ఉన్నాయి.

దుమ్ము దులిపాడు, చిప్ మీద వేడి లాగే పేస్టు మార్చాడు. లోపలి రాగి గొట్టాలు నల్లబడి, అక్కడక్కడా పచ్చటి బూజు పట్టి ఉంటే, చెరువు చెమ్మ అనుకుని తుడిచేశాడు. పని జరుగుతున్నంతసేపూ కాంతమణి గారు దగ్గుతూనే ఉన్నారు. నెల రోజులుగా ఇదే దగ్గట. ఆర్థర్ గారి కళ్ళు ఎర్రగా ఉంటే, రోజంతా ఆ తెర చూస్తే మరి ఎర్రబడవా అని ఆవిడ ముద్దుగా విసుక్కున్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అల్మారాను ఆనుకుని వేసిన దివాన్ మీద ఒక కునుకు తీస్తారావిడ. ఈ చలికాలం ఆ తలుపు వెచ్చగా ఉంటోందట, మోకాళ్ళ నొప్పులకు కాపడం పెట్టినట్టు హాయిగా ఉందట. అన్నీ వాడి ముందే చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు మహాతల్లి. వినాల్సినవాడు తెర మూలన అంకెను చూస్తూ కూర్చున్నాడు.

అంకె కదల్లేదు. డబ్బాను షాపుకు పట్టుకుపోయి పెట్టి చూస్తే అరవై. తిరిగి తెచ్చి ఇంట్లో పెడితే గంటలో పద్నాలుగు. విజయేందర్ తల పట్టుకున్నాడు. సైనిక్‌పురిలో గుర్రంలా పరిగెత్తే మిషన్ కాప్రా రాగానే కాళ్ళు ముడుచుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? తన షాపులో బాగుందంటే తప్పు ఆటదే అని తేల్చుకున్నాడు. రెండోసారి వచ్చి సాఫ్ట్‌వేరంతా తీసి మళ్ళీ ఎక్కించాడు. నీడలు తగ్గించాడు, చెట్లు తగ్గించాడు, చివరికి ప్లాట్‌ఫాం మీద జనాన్ని కూడా తీసేశాడు. అంకె ఇరవై రెండుకు పాకింది. ఆర్థర్ గారు ఒక స్టేషన్లో బండి ఆపి, ఖాళీ ప్లాట్‌ఫాంను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"ఒక్క మనిషీ లేడు బాబూ," అన్నారు చివరికి. "ఎవరికోసం ఆపాలి బండి? ఏదోలా ఉంది."

ఆ మాట విజయేందర్‌కు గుచ్చుకుంది. రెండ్రోజులు అదే ఆలోచన. డిసెంబర్ మొదటి శనివారం పొద్దున్నే మూడోసారి వచ్చాడు. ఈసారి ఫ్రేములు చూడకుండా వేడి చూశాడు. ఆటకు బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు తొంభై రెండు డిగ్రీల మీద ఉడుకుతోంది. అంత వేడెక్కితే అది కాలిపోకుండా తనంతట తనే నెమ్మదిస్తుంది. దొరికాడు దొంగ! డబ్బా పక్కన చెయ్యి పెట్టి చూస్తే, కంతలోంచి వేడిగాలి సన్నగా తగులుతోంది. పక్క ఫ్యాన్లు రెండూ పొద్దస్తమానం ఆ వేడినే పీల్చి పోసుకుంటున్నాయన్నమాట. ఇన్వర్టరన్నాక వేడెక్కదా అనుకున్నాడు. అల్మారా తలుపు తీసి చూద్దామన్న ఆలోచనే రాలేదు. వాడు వచ్చింది కంప్యూటర్ కోసం.

ఆర్థర్ గారు ఎప్పటిలాగే మెయిన్ ఆపారు. డబ్బాను అవతలి మూలకు జరిపాడు. సంచిలోంచి పార్సిళ్ళకు వేసే గోధుమరంగు టేపు తీసి, వైరు చుట్టూ ఏ సందూ లేకుండా కంత మీద మూడు పొరలు వేసి, బొటనవేలితో గట్టిగా నొక్కాడు. డబ్బా పక్క జాలీ మూసుకుపోయి ఉంటే, అదే కొలతకు కొత్తది తెద్దామని ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. మెయిన్ వేశారు. ఆట పెట్టారు. అరవై.

నీడలు తిరిగొచ్చాయి. చెట్లు తిరిగొచ్చాయి. ప్లాట్‌ఫాం నిండా జనం, పెట్టెలు మోసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుని. ఆర్థర్ గారు బండిని గీత మీద ఆపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కాంతమణి గారు ఒక స్టీలు డబ్బా నిండా గులాబీ పువ్వులు పెట్టిచ్చారు, అప్పుడే నూనెలోంచి తీసినవి. గుమ్మం దాకా వచ్చి, నీ చెయ్యి మంచిది నాయనా, కంపు కూడా తగ్గింది చూశావా, చెరువు మీద గాలి మళ్ళినట్టుంది అన్నారు. విజయేందర్ ఆ పొగడ్తను కూడా జేబులో వేసుకుని వెళ్ళాడు. ఛాతీ రెండంగుళాలు పెరిగి ఉంటుంది.

మూడున్నరకు షాపులో తీరిక దొరికింది. ఒక గులాబీ పువ్వు నోట్లో వేసుకుని, జాలీ కొలత చూద్దామని సంచి తెరిచాడు. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పున కొట్టింది.

ముందు పలహారం పాడైందేమోనని డబ్బా వాసన చూశాడు. నూనె, యాలకులు. మళ్ళీ సంచి వాసన చూశాడు. జాలీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చెరువు కాప్రాలో ఉంది. అది సంచిలో ఎక్కి సైనిక్‌పురి రాదు కదా!

ఈ వాసన వాడికి తెలుసు. రెండేళ్ళ కింద ఇదే షాపులో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్ ఆగక ఉడికిపోతే ఇలాగే కొట్టింది. కంగారులో స్విచ్చు కట్టెయ్యబోతుంటే, పిలిచిన ఎలక్ట్రీషియన్ చెయ్యి పట్టుకుని లాగాడు. లోపల గ్యాస్ నిండి ఉందన్నా, కరెంటు తీస్తే ఇన్వర్టర్ టక్‌మంటది, పేలనీకి ఆ నిప్పురవ్వ చాలు అన్నాడు. తలుపులన్నీ తీసి గాలి ఆడనిచ్చి, అప్పుడు ముట్టుకున్నారు.

నెల రోజులుగా ఆ అల్మారాలోని గ్యాస్‌ను బయటికి లాగి పోస్తున్నవి ఆ రెండు ఫ్యాన్లే. పద్నాలుగు ఫ్రేములతో చచ్చీచెడీ నడుస్తూ, ఆ మిషన్ ఇంటిని కాపాడుతూ వచ్చింది. తను దాన్ని పక్కకు జరిపాడు. జరిపి ఊరుకోకుండా కంత మూశాడు. ఇప్పుడు ఆ తలుపుకు ఆనుకుని కాంతమణి గారు పడుకుని ఉంటారు.

ఫోన్ చేశాడు. హెడ్‌ఫోన్లలో వినబడదేమోనని భయపడ్డాడు గానీ రెండో రింగుకే ఆర్థర్ గారు ఎత్తారు. గొంతులో ఎంత సంతోషమో.

"సార్, ఆ మెట్ల కింది అల్మారా తెరవకుండ్రి. బ్యాటరీ ఉడుకుతున్నది, లోపలంతా గ్యాస్ నిండింది. నేనే కంత మూసిన సార్, తప్పయింది. జెర అమ్మను…"

"గ్యాసా?" అన్నారు ఆర్థర్ గారు. కంగారు లేదు ఆ గొంతులో. వర్క్‌షాప్‌లో అలారం విన్న మనిషి గొంతు అది. "భయపడకు బాబూ. ముందు మెయిన్ ఆపేస్తా."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కుర్చీ జరిగింది. చెప్పుల చప్పుడు దూరమైంది. విజయేందర్ ఫోన్లోకి వద్దు సార్, వద్దు సార్ అని అరుస్తూనే ఉన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ముందు అమ్మను బయటికి తీసుకురండి అనాల్సింది. ఆ మాట మొదట అనకుండా, తన తప్పు ఒప్పుకోవడానికి టైం తీసుకున్నాడు.

తర్వాత ఒక మోత వినబడింది. ఆ వెంటనే ఫోన్ కట్టయింది.

సైనిక్‌పురి నుంచి ఆ ఇంటికి బండి మీద పది నిమిషాలు. గేటు దగ్గర జనం. ఎదురింటి శారదమ్మ గారు కాంతమణి గారిని ఆటోలో పట్టుకుని కూర్చుని, బ్యాటరీ యాసిడ్ చిందిన మొహం మీద బిందెతో నీళ్ళు పోయిస్తున్నారు. తడి తువ్వాలు కింద ఆవిడ మూలుగుతున్నారు. బతికారు. కుడికన్ను మాత్రం పోయిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఆటో కదిలింది. ఆర్థర్ గారిని ఎక్కమని ఎంత పిలిచినా రాలేదట.

ఆయన వరండాలో మీటరు బోర్డు ముందే నిలబడి ఉన్నారు. మెడలో హెడ్‌ఫోన్లు. చెయ్యి మెయిన్ పిడి మీదే ఉంది. తెరిచిన తలుపులోంచి హాలంతా కనబడుతోంది. అల్మారా తలుపు దివాన్ మీద పడి ఉంది, స్టార్ కాగితం ముక్కలు నేలంతా, ప్లైవుడ్ నిలువునా చీలిపోయింది. ఒక చెక్క పేడు మాత్రం వైరుకు వేలాడుతోంది. దాన్ని టేపు గట్టిగా పట్టుకునే ఉంది.

విజయేందర్‌ను చూసి ఆర్థర్ గారు నెమ్మదిగా అడిగారు. "బాబూ, నేను మెయిన్ ముందే ఆపేశాను కదా?"

వాడికి ఆ టక్‌మన్న చప్పుడు గురించి ఈయనకు ఎప్పటికీ ఎవ్వరూ చెప్పకూడదనిపించింది. చెప్పాల్సిన తప్పు ఒకటే ఉంది, అది టేపుది.

"ఆపేసిన్రు సార్," అన్నాడు. "మీరు ముందే ఆపేసిన్రు."

ఆర్థర్ గారు తల ఊపారు గానీ పిడి వదల్లేదు. ఆస్పత్రికి పోవాలి రండి అంటూ విజయేందర్ దగ్గరికెళ్ళి, ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాడు. ఒక్క వేలి మీదా గీత కూడా పడలేదు.