వేలెడు సందు

పొద్దున్నే కోతల మేస్త్రీ వరండాలో రంపం బల్ల వేసుకున్నాడు. అతని భార్య కొలతలమ్మ లోపల గదిలో నిలబడి కాసేపు గోడనే చూసింది. టేపు తీసేముందు గోడని కళ్లారా చూడాలన్నది ఆమె పద్ధతి. తర్వాత గోడకి నట్టనడుమ నిలువుగీత గీసింది. అక్కణ్ణించి రెండు వైపులా ప్యానెళ్లు బిగించుకుంటూ పోతే రెండు మూలల్లోనూ ఒకే వెడల్పు మిగులుతుంది. ఓ మూల నుంచి మొదలుపెట్టేవాళ్లు రెండో మూలకొచ్చి తల గోక్కుంటారు.

ఆమె కొలత అరుస్తుంది, అతను కోస్తాడు. ఎప్పుడూ వెంట్రుకవాసి ఎక్కువే కోస్తాడు. "ఎక్కువైతే చెక్కొచ్చు, తక్కువైతే ఏడవాలి" అంటాడు. అతని పేరు చెక్క కోతలకే కాదు, నోటి కోతలకీ చెల్లింది.

ఇంటావిడ టీ పట్టుకొచ్చింది. "తొందరేం లేదమ్మా, నిదానంగా కానివ్వండి."

"సాయంత్రానికల్లా వదిలిపోతే బాగుండు" అంది గది.

"దానిమాటకేం, మీరు తాగండి" అని ఇంటావిడ గ్లాసులు కిటికీలో పెట్టి వెళ్లింది.

ఆ గది ప్రతిధ్వని అంతే. అన్నమాట వదిలేసి, మింగినమాట తిరిగిచ్చేది. చుట్టాలొస్తే హాల్లోనే కూర్చోబెట్టి పంపేసేవాళ్లు. చిక్కల్లా ఆ గదిలో తెర కట్టించుకుని సినిమాలు చూడబోతే వచ్చింది. తెరమీద హీరో "నీకోసం ప్రాణమైనా ఇస్తా" అన్నప్పుడల్లా గోడ "నడుం లాగేస్తోంది, కానివ్వండి" అంటుంటే ఎవరు చూస్తారు? అందుకే ఈ ప్యానెళ్లు, చెక్క పట్టీల వెనక చప్పుడు పీల్చేసే మెత్తటి నల్ల ఫెల్టు. మామగారు మాత్రం, కోడలి మనసులో ఏముందో ఇక తెలిసేదెలాగని అలిగి కూర్చున్నాడు.

కొలతలమ్మ మాటల్ని మాత్రం గది ఉన్నదున్నట్టే తిరిగిచ్చింది. ఆమె దేన్నీ కడుపులో దాచుకునే మనిషి కాదు.

ఆ సాయంత్రంలోగా ఆమె ఓ పెద్ద కంపెనీకి జవాబు చెప్పాలి. సూపర్‌వైజరు ఉద్యోగం. కోతకి ఓ మనిషిని కూడా తెచ్చుకోమన్నారు.

"ఇంతకీ వస్తావా, రావా? నువ్వొచ్చినా రాకపోయినా నేను వెళ్తా" అంది స్క్రూ బిగిస్తూ.

"నీ కింద పనికి నేనా? వెళ్లు, మహారాణిలా వెళ్లు. నాకేం!" అన్నాడు వరండాలోంచి.

పొద్దుటి నుంచీ అతను గడప దాటి లోపలికి రాలేదు. ప్యానెళ్లు కూడా గుమ్మం దాకా తెచ్చి, నోరు విప్పకుండా అందించి పోతున్నాడు. ఆమె అది గమనిస్తూనే ఉంది.

ప్యానెళ్లు పడేకొద్దీ గది గొంతు సన్నబడింది. మధ్యాహ్నానికి గొణుగుడులోకి దిగింది. ఇక మూలన ఒక్క ముక్కే మిగిలింది. ఆమె కొలత అరిచింది. అతను కోసి గుమ్మంలో అందించాడు. మూలన పెట్టి చూస్తే వేలెడు తక్కువ.

పెళ్లైనప్పటి నుంచీ ఆ మనిషి ఒక్క ముక్క తక్కువ కోసి ఎరగడు.

"ఏమయ్యా, ఇలా రా."

"ఏమైంది?"

"వచ్చి చూడు."

తప్పక లోపలికొచ్చాడు. మీసాల నిండా రంపపు పొట్టు. సందుకేసి చూసి "కొలత తప్పు చెప్పుంటావు" అన్నాడు.

"తప్పు నాదే" అంది సందు, సన్నగా.

కొలతలమ్మ అతని మొహం చూడలేదు. టేపు చుట్టుకుంటూ అడిగింది. "ఇప్పుడు చెప్పు. వస్తావా?"

"వెళ్లమన్నాగా. నాకేం!"

"నేనూ వస్తా" అంది సందు.

"ఆడదాని కింద పని చేస్తానా నేను?" అన్నాడు గట్టిగా, సందు మీదే కోప్పడుతున్నట్టు.

"ఇన్నేళ్లూ చేస్తున్నదేమిటి?" అంది సందు.

అతను మీసం దులుపుకున్నాడు. కొలతలమ్మ స్క్రూడ్రైవరు కింద పెట్టి, సాయంత్రం దాకా ఆగేదేమిటని అక్కడే ఫోను తీసింది.

"నేను వస్తున్నానండీ. కోతకి మా ఆయన్ని తెస్తున్నా. చెయ్యి మంచిది, నోరే కాస్త పెద్దది. దాన్ని నేను చూసుకుంటా."

సందులోంచి అవే మాటలు, అక్షరం తేడా లేకుండా తిరిగొచ్చాయి.

ఇంటావిడ గుమ్మంలోకి తొంగిచూసింది. "ఆ వేలెడు ముక్క ఊడదీసుకునేలా పెట్టమ్మా. మామగారు అలక మానతారు."

కొలతలమ్మ సందుకి టేపు పట్టి కొలత అరిచింది. మేస్త్రీ వరండాలోకి వెళ్లి పట్టీ కోసి తెచ్చాడు.

వెంట్రుకవాసి ఎక్కువ.