పదిహేడో ఇంటి ముఖం

పొద్దున్నే పాలు పొంగేలోపు స్వరూపరాణికి మొగుడి ముఖం కావాలి.

ముచ్చట కోసం కాదు, పని కోసం. కొత్తపేట రైతుబజారు వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో కూర్చుని, ఆమె పొలం మోటార్ల స్టార్టర్ పెట్టెల్లోకి పోయే వైర్ల కట్టలు కడుతుంది. ఎరుపు, పసుపు, నీలం వైర్లను కొలతకు కత్తిరించి, కొసలకు పట్టకారుతో రాగి తొడుగులు నొక్కి, దారంతో కట్టి ట్రేలో పేర్చాలి. ట్రే మొదలుపెట్టే ముందు దాని మీది చదరపు స్టిక్కరును ఫోనుకు చూపించాలి. వెంటనే ఫోను తయారుచేసేవారి ముఖం చూపమంటుంది. తయారుచేసేది స్వరూపరాణి. ఫోనుకు తెలిసిన ముఖం మాత్రం ఆమె మొగుడు యోగేందర్‌ది.

రెండేళ్ల కిందట కంపెనీ మనిషి ఈ ఫోను పద్ధతి పెట్టడానికి ఇంటికొచ్చినప్పుడు ఆమె అతనికోసమే చాయ్ పెడుతోంది. తయారుచేసేవారు ఎవరని అతను అడిగితే యోగేందర్ కాలరు సర్దుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇంటి పెద్దను నేనే గద" అన్నాడు. ఆమె కప్పులు పట్టుకొచ్చేసరికి ఫొటో తీయడం అయిపోయింది. అందులో తప్పేమిటో ఆ రోజు ఎవరికీ తట్టలేదు. తనకూ తట్టలేదు, అదే ఆమెకు ఇప్పటికీ ఒళ్లుమంట.

అప్పటినుంచి మొదలైంది ఈ ముఖాల వేట. అతను నిద్రలో ఉంటే ఫోను కళ్లు తెరవమంటుంది. గడ్డానికి సబ్బు నురగ ఉంటే గుర్తుపట్టనంటుంది. అతను ట్రాలీ ఆటో తీసుకుని వెళ్లిపోతే, రెండో ట్రే కోసం ఆమె పొయ్యి ఆపి, ఎల్‌బీనగర్ మెట్రో కింద ఉన్న ఆటో అడ్డాకు నడిచి వెళ్లాలి. తోటి డ్రైవర్లు నవ్వుతారు. వదినె మళ్లీ ఫొటో తీయనీకి వచ్చిందంటారు. యోగేందర్ పెళ్లికొడుకులా గడ్డం పైకెత్తి, "జల్ది దియ్యి, గిరాకీ ఉంది" అంటాడు. ఎండలో ఇంటికి తిరిగి నడిచేటప్పుడు ఆమెకు పొయ్యి మీద సగం ఉడికిన పప్పు గుర్తొస్తుంది. ఆ రోజు ట్రే ఆలస్యమైతే మాట పడేది కూడా ఆమే. అత్తగారు అరుణమ్మ ఒక్కతే దీంట్లో పుణ్యం చూసింది. మొగుడి ముఖం చూసి పని మొదలుపెట్టేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారో చెప్పమంటుంది.

అయినా ఆ స్టిక్కరంటే స్వరూపరాణికి ఎక్కడలేని ప్రేమ. అది రాకముందు ఏ పొలంలో స్టార్టర్ చెడిపోయినా కంపెనీ ఈ పని చేసే ఇళ్లన్నిటినీ తిట్టేది. ఆ తిట్లు యోగేందర్ మోసుకొచ్చి ఆమె ముందు కుమ్మరించేవాడు. "ఇంట్ల కూసోని దారం చుట్టుడు, గది గూడ సక్కగ చేతగాదా" అనేవాడు. కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇప్పుడు ఎక్కడో మిర్యాలగూడ అవతల స్టార్టర్ ఆగిపోతే మెకానిక్కు, కట్టతోపాటు దాని మీదికి చేరిన అదే నంబరు స్టిక్కరును ఫోనుకు చూపిస్తాడు. ఆ కట్ట ఏ ఇంట్లో, ఏ రోజు కట్టిందో కంపెనీకి తెలిసిపోతుంది. రెండేళ్లలో పదిహేడో నంబరు ఇంటి మీద ఒక్క ఫిర్యాదు లేదు. పదిహేడో నంబరు వీళ్లది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో తన తరఫున సాక్ష్యం చెప్పింది వేలెడంత ఆ కాగితమే. దసరా నాడు యోగేందర్ ఆటోకు పసుపు కుంకుమలు పెడుతుంటే, ఆమె తన పట్టకారుకూ ఫోనుకూ బొట్టు పెట్టి దండం పెట్టుకుంది.

పోయిన వారం కంపెనీ నుంచి తన్మయి అనే ఇంజనీరమ్మ ఫోను చేసింది. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ హాలు తీసుకున్నారట. అన్ని ఇళ్లవాళ్లూ రావాలి. పదిహేడో ఇంటి కట్ట ఎందుకు వదులు కాదో ఆ ఇంటివాళ్లే చూపించాలి. ఆ చూపించిన మనిషిని ఇకమీదట హయత్‌నగర్ దాకా ఉన్న ఇళ్లన్నిటికీ నేర్పే పనికి తీసుకుంటారు. ఆ మాట విన్నప్పటినుంచి స్వరూపరాణికి ఒకటే ఆలోచన. తన చేతిపని తన పేరున నిలబడుతుందా, అది కూడా ఫొటోలోని ముఖానికే పోతుందా? యోగేందర్ మాత్రం చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ఆమె ముందు కూర్చుని, దారం ఇలా తిప్పి అలా తిప్పి, నాలుగు కట్టలు పాడుచేసి, "గింతే గద, వచ్చింది" అని లేచాడు.

హాలు నిండా ఆడవాళ్లు. తమ తమ ముఖాలు తామే ఫోనుకిచ్చిన ఆడవాళ్లు. వాళ్ల మధ్య యోగేందర్ ఒక్కడే మగవాడు. మగవారు కూడా ఇంత ఓపికగా ఈ పని చేస్తుంటే ఎంతో సంతోషంగా ఉందని తన్మయి మైకులో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలోని ఆవిడ స్వరూపరాణి చెయ్యి పట్టుకుని, "అదృష్టవంతురాలివక్కా, నువ్వు వంట జేసుకుంటుంటే మొగాయన గింత పని జేస్తడా" అంది. స్వరూపరాణి ఒళ్లో ఉన్న చేతులకేసి చూసుకుంది. పట్టకారు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు కింద కాయ కాసింది. దాన్ని ఎడమచేత్తో కప్పుకుంది.

యోగేందర్‌ను ముందుకు పిలిచారు. అతను కట్టిన కట్టను తన్మయి ఒక చిన్న మోటారు పెట్టె మీద పెట్టి మీట నొక్కింది. పెట్టె అదిరింది. పది లెక్కపెట్టేలోపు దారం జారి వైర్లు మూడుదిక్కులకు విడిపోయాయి. ఎవరూ నవ్వలేదు. యోగేందర్ మణికట్టు రుద్దుకుంటూ, "ఇయ్యాల చెయ్యి గుంజుతుంది మేడం. మా ఇంటామెకు నేనే నేర్పిన, ఆమె చూపిస్తది" అన్నాడు.

స్వరూపరాణి లేచి వెళ్లింది. విడిపోయిన వైర్లను దగ్గరికి చేర్చి దారం అందుకుంది. రెండు చుట్లు చుట్టి, వేలి మీద మెలిక తిప్పి, కొసను కిందనుంచి దూర్చి లాగింది. పెట్టె ఎంతసేపు అదిరినా కట్ట కదల్లేదు. తన్మయి దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"సార్ చాలా బాగా నేర్పారండీ మీకు" అంది.

అవుననేస్తే అయిపోయేది. ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చు. ఆ ఒక్క తల ఊపు ఆమెకు అలవాటైన పనే, ఎన్నిసార్లు ఊపిందో లెక్కలేదు. కానీ అప్పుడు తల్లి వేళ్లు గుర్తొచ్చాయి. కర్మన్‌ఘాట్ గుడి బయట చలికాలం పొద్దున్నే తడి పూలతో ఒరిసిపోయిన వేళ్లు, ఎంత గాలి వీచినా పువ్వు రాలని ముడి.

"నాకు నేర్పింది మా అమ్మ, మేడం. పూలదండ ముడి గిది. ఈయన గీ పని ఇంటికి తెచ్చిండు. ఆ మేలు నేను ఎన్నటికీ మరువ. కానీ కట్టేది నేను. ఫోన్ల నా మొకం పెట్టుండ్రి."

తన్మయి ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మరేమీ అడక్కుండా ఫోను ఆమె ముందుకు పట్టి, ఇకమీదట ఇళ్లన్నిటికీ నేర్పేది కూడా మీరేనంది. చప్పట్లు ఈసారి ఆలస్యంగా మొదలై చాలాసేపు మోగాయి. పక్క కుర్చీ ఆవిడ అందరికన్నా గట్టిగా కొట్టింది. స్వరూపరాణికి ఏడుపొచ్చింది. అమ్మ మీద, ఆ స్టిక్కరు మీద, ఎదురుగా ఫోను పట్టుకున్న ఈ పిల్ల మీద, తన చేతుల మీద కూడా కృతజ్ఞత ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

తిరుగుదారిలో ఆటో దిల్‌సుఖ్‌నగర్ దాటగానే, అందరి ముందు ఇజ్జత్ తీశావన్నాడు యోగేందర్. పని తెచ్చినావని కూడా అందరి ముందే చెప్పిన గదా అంది ఆమె. అతను హారన్ గట్టిగా నొక్కాడు.

మర్నాడు పొద్దున్న ఆమె ట్రే ముందు కూర్చుని స్టిక్కరును ఫోనుకు చూపించింది. ఫోను టింగుమన్న చప్పుడు వినగానే యోగేందర్ రెండేళ్ల అలవాటు కొద్దీ నిద్రకళ్లతో వచ్చి, ఆమె ముందు వంగి గడ్డం పైకెత్తాడు. ఆమె ఫోనును తన వైపు తిప్పుకుంది. ముఖం సరిపోయిందని తెర మీద పచ్చగా వెలిగింది.

"నీ మొకం అక్కర్లే ఇగ," అంది స్వరూపరాణి, దారం అందుకుంటూ. "పొయ్యి మీద పాలున్నయ్, జర చూస్కో."