టైమ్‌కోడ్‌లో లేని వన్స్ మోర్

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. మా యూనివర్సిటీలో అటెండర్ నుంచి డీన్ దాకా అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా తొమ్మిదేళ్లుగా దాన్ని దిగమింగుకుంటూ వస్తున్నాను. గెస్ట్ ఫ్యాకల్టీకి కోపమొస్తే మళ్ళీ జూన్‌లో ఆర్డరు రాదు, అంతే సంగతులు.

రంగస్థల విభాగంలో నేను చెప్పే పాఠం డిజిటల్ రంగాలంకరణ. వెనకటికి గుడ్డ మీద కోటలూ అడవులూ వేసి తెరలుగా కట్టేవారు. ఇప్పుడు అదే కోటని ఎల్ఈడీ గోడ మీద చూపిస్తాం. ఆ చదువు రెండేళ్లు ఢిల్లీలో చదివాను. అసలు చదువు మాత్రం శ్రీకాకుళంలో మా నాన్న జగన్నాధం కొట్లో అయింది. అరసవల్లి రోడ్డులో ఆయనది డ్రామా సామాన్లు అద్దెకిచ్చే కొట్టు. కిరీటాలు, గదలు, తెరలు ఇచ్చేవాడు. తెరలతో పాటు వాటిని లాగే మనిషిని కూడా పంపేవాడు. ఆ మనిషి కళింగపట్నం పైడిరాజు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మావా అనే పిలుస్తాను.

తెర లాగడమంటే తాడు పట్టుకుని గుంజడమే అనుకునేవాళ్ళకి ఒక నమస్కారం. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకుంటాడు. అది ఎక్కడ ఆగుతుందో అతనికే తెలీదు. ఇంతలో జనం ఈలలేసి "వన్స్ మోర్" అన్నారా, హార్మోనియం మళ్ళీ మొదటికొస్తుంది, పద్యం మళ్ళీ పాడాలి. మా వైపు అది మర్యాద. పాడకపోతే వీడికెంత పొగరో అంటారు. ఒక్కోసారి మూడోసారి కూడా పాడాలి. అప్పటిదాకా తెర కదలకూడదు.

"ఊపిరి పీలిసేకాడ లాక్కూడదు పాపా, వొదిలేకాడ లాగాల," అనేవాడు మావ. "పీలిసినోడు ఇంకా ఏటో అంటాడు. వొదిలీసినోడికి అయిపోనాది."

ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగేళ్లు పనిచేశాను. నిజం తాడునే ఒక కప్పీ మీదుగా వేసి, కప్పీకి సెన్సర్ బిగించి, కంప్యూటర్‌కి కలిపాను. మావ తాడు ఎంత లాగితే గోడ మీద కోట అంత జరిగి అడవి వస్తుంది. మెల్లగా లాగితే మెల్లగా, విసురుగా లాగితే విసురుగా మారుతుంది. ఆయన ఆగితే అదీ ఆగుతుంది. మొదటిరోజు లాగి చూసి పెదవి విరిచాడు.

"బరువు నేదేటిది? వానకి తడిసిన తెర ఎంతుంటాదో అంత బరువు కట్టు. అప్పుడు సెయ్యి అబద్ధమాడదు."

తాడు చివర ఇసక మూట కట్టాను. అప్పుడు కుదిరింది. దాని మీద పరిశోధన పత్రం రాశాను. రాసినవాళ్ళు పైడిరాజు, సింధు. ఆయన పేరే ముందు పెట్టాను, ఎందుకంటే విద్య ఆయనది, వైర్లు నావి.

మా హెడ్డు, ప్రొఫెసర్ విజయ్‌కుమార్, ఆ మొదటి పేజీ చూసి పగలబడి నవ్వాడు.

"తెర లాగేవాడు రచయితేంటమ్మా? పేరు కింద ఇతని అఫిలియేషన్, ఏ సంస్థవాడని రాస్తావ్? ఎడమ వింగ్, తాడు పక్కన అనా?"

మావ పేరు కొట్టేశాడు. ఆ జాగాలో తన పేరు పెట్టుకున్నాడు. నా పేరు కిందకి జరిపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయేలోగా ఆయన మెత్తగా అన్నాడు, "రెగ్యులర్ పోస్టుకి ఇంటర్వ్యూ వస్తోంది కదా సింధూ. బోర్డులో నేనూ ఉంటాను." అభ్యంతరం లేదని ఒక కాగితం ముందుకి తోశాడు. గంగిరెద్దులా తలూపి సంతకం పెట్టాను. తిట్టదలుచుకుంటే ముందు నన్ను తిట్టండి. విజయ్‌కుమార్ మీద కంటే ఆ సంతకం పెట్టిన చేతి మీదే నాకు కోపం ఎక్కువ.

మావకి ఆ సంగతి చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "మన పేపరేటైంది పాపా?" అని అడిగేవాడు. "వస్తుంది మావా" అనేదాన్ని. సిగ్గుండాలి నాకు.

పేరుతో ఊరుకుంటే బాగుండేది. రంగస్థల సాంకేతికతకి కొత్తగా ఒక కేంద్రం మంజూరు చేయాలని కమిటీ ఒకటి బయలుదేరింది. దానికి పార్వతీదేవి అనే పెద్దావిడ చైర్‌పర్సన్. ఆవిడ ముందు విజయనగరంలో పద్యనాటకం ఒక అంకం ఆడి చూపించాలి. ఏర్పాట్లు చూడ్డానికొచ్చి మా హెడ్డు తాడుని చూసి మొహం చిట్లించాడు.

"ఇది సైన్స్‌లా లేదమ్మా, నూతి గిలకలా ఉంది. తీసెయ్. టైమ్‌కోడ్ పెట్టు."

టైమ్‌కోడ్ అంటే గడియారం లెక్క. ఫలానా నిమిషం, ఫలానా సెకను రాగానే సీను దానంతటదే మారిపోతుంది. ఎవరికోసమూ ఆగదు.

"వన్స్ మోర్ వస్తే ఏం చేస్తాం సార్?" అన్నాను.

"ఇది సంతలో డ్రామా కాదు. చదువుకున్న ప్రేక్షకులు. వన్స్ మోర్ అనరు."

ఆ మాటన్న మనిషే, ఫొటోల్లో ఖాళీ కుర్చీలు కనబడకూడదని నెల్లిమర్ల నుంచి రెండు బస్సులు, గజపతినగరం నుంచి మూడు బస్సులు పెట్టి జనాన్ని రప్పించాడు. ఊళ్ళలో ఎవరొస్తారు పద్యనాటకానికి? పద్యం ప్రాణమైనవాళ్ళే వస్తారు. పొద్దున్న పదకొండింటికే వచ్చి ముందు వరసలు పట్టుకున్నారు.

ఆడిటోరియంలో ముందు తెర మోటారు చెడిపోయింది. చేత్తో లాగాలి. అందుకోసం, ఒక్క అందుకోసమే, పైడిరాజు మావని పిలిపించారు. స్టేజీ పక్క చాటున, ఎడమ వింగ్‌లో ఆయన, పక్కనే స్టూలు మీద లాప్‌టాప్‌తో నేను కూర్చున్నాం. నా తాడూ, కప్పీ, ఇసక మూటా ముందురోజు బిగించిన చోటే ఉన్నాయి. తీసెయ్యమన్నారు, నేను తియ్యలేదు. తొమ్మిదేళ్లలో నేను చేసిన ఎదిరింపు అంతే.

పార్వతీదేవిగారు భోగాపురం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంట ఆలస్యంగా వచ్చారు. ఐదింటికి మావ తెర లేపాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు కోటలో రాణి దగ్గర సెలవు తీసుకుని అడవికి పోయే ఘట్టం అది. రాజు వేషం నారాయణమూర్తి మాష్టారిది. రిటైరైన తెలుగు మాష్టారు, డెబ్బై దాటాయి. సెలవు పద్యం ఎత్తుకున్నాడు. ఆ గొంతు ఏం గొంతండీ! చివరి పాదంలో రాగం తీసి, తీసి, వదిలేసరికి గజపతినగరం బస్సులు లేచి నిలబడ్డాయి.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

మాష్టారు చేతులు జోడించి మళ్ళీ మొదలెట్టాడు. టైమ్‌కోడ్‌కి ఈలలు వినబడవు కదా. రెండో పాదంలో ఉండగా పదకొండు నిమిషాల నలభై సెకన్లయింది. కోట మాయమైంది. రాణి సింహాసనం మీద ఉండగానే చుట్టూ అడవి వచ్చింది. దాని వెనకే స్పీకర్లలో నక్క కూసింది.

హాలంతా గొల్లున నవ్వింది.

ఎల్ఈడీ గోడ తన వెనకాల ఉంది, మాష్టారికి కనబడదు. నక్క కూత ఆ గోలలో విన్నాడో లేదో. తన గొంతే జీర పోయిందనుకున్నాడు. పాడుతూ పాడుతూ చెయ్యి కంఠం మీదకి తీసుకెళ్ళాడు. స్వరం వణికింది. అరవయ్యేళ్లుగా పాడుతున్న మనిషిని, ఒక గడియారం మొహం చూసి, నలుగురిలో నవ్వులపాలు చేశాం. నా ఒళ్ళు భగ్గుమంది.

హెడ్‌ఫోన్లో విజయ్‌కుమార్ గొంతు, "ఏదీ ముట్టుకోకు. ప్రోగ్రామ్ నడవనీ."

ప్రోగ్రామ్ నీ తద్దినం! హెడ్‌ఫోన్ పీకి విసిరేశాను. టైమ్‌కోడ్ ఆపి, తాడుకి కలిపాను.

"మావా, కోట వెనక్కి తే!"

ఆయన చెయ్యి అప్పటికే తాడు మీద ఉంది. గబుక్కున లాగుతాడనుకున్నాను. లాగలేదు. మాష్టారి రాగం కిందకి దిగేదాకా ఆగి, దాని వెంటే అంగుళం అంగుళంగా అడవిని కరిగించి కోటని తెచ్చాడు. రాబోయే అడవి రాజు కళ్ళముందు ఒక్కసారి మెదిలి పోయినట్టయింది. నవ్వులు ఆగాయి. ఎవరో ముక్కు చీదారు. మాష్టారి చెయ్యి కంఠం మీద నుంచి దిగింది. పద్యం అయ్యేసరికి మళ్ళీ "వన్స్ మోర్" అన్నారు. ఈసారి కోట కదలలేదు.

అంకం అయిపోయాక పార్వతీదేవిగారు స్టేజీ ఎక్కారు. ఆవిడ తెలివైన మనిషే. సూటిగా అడిగారు, "జనం వన్స్ మోర్ అంటే మీ కంప్యూటర్ ఎలా ఆగిందండీ?"

విజయ్‌కుమార్ మైకు అందుకున్నాడు. ముఖంలో ఒక్క గీత చెదరలేదు.

"ఏఐ మేడమ్. ఈలలూ చప్పట్లూ గుర్తుపట్టి అదే నిర్ణయం తీసుకుంటుంది. నేనే స్వయంగా ట్రైనింగ్ ఇచ్చాను."

ట్రైనింగ్ ఇచ్చాడట! ఏనాడైనా తాడు ముట్టుకున్న మొహమేనా అది? ఆవిడ "శభాష్" అని కిందకి దిగి కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఉపన్యాసం మొదలెట్టాడు.

"మావా, ముందు తెర వేసెయ్," అన్నాను.

"మాటాడతన్నాడు కదేటి. సీను మజ్జిలో తెర యెయ్యడం నలభయ్యేళ్లలో నేనెప్పుడూ సెయ్యనేదు."

"నువ్వు చేసిన పని ఏఐ చేసిందంటున్నాడు మావా."

"అంటే ఏటి?"

"మనిషి కాదు, మెషీను అని."

మావ తన అరచేతులు చూసుకున్నాడు. రెండింట్లోనూ తాడు వెడల్పున కాయలు కాసి ఉన్నాయి.

"సోమారం నీకు ఇంటర్వ్యూ అన్నావు. ఉజ్జోగం పోద్ది పాపా."

"పోతే పోనీ మావా."

ఆయన ముందు తెర తాడు పట్టుకుని, తల కాస్త వంచి చెవి పెట్టాడు. "ఈ విజయం వెనక..." అని విజయ్‌కుమార్ ఊపిరి పీల్చాడు. మావ కదల్లేదు. "...ఇరవయ్యేళ్ల నా శ్రమ ఉంది" అని ఊపిరి వదిలాడు.

మావ లాగాడు.

తెర వచ్చి ఆయన ముక్కు ముందు పడింది. వెనక వరసల్లోంచి ఎవడో మహానుభావుడు గొంతెత్తాడు.

"వన్స్ మోర్!"

ఇక ఐదు బస్సులూ అందుకున్నాయి. విజయ్‌కుమార్ వింగ్‌లోకి ఊడిపడ్డాడు. "ఎవడ్రా లాగింది?" అని రంకెలేశాడు. నేను వెళ్ళి ఆయన చేతిలో మైకు లాక్కున్నాను. తొమ్మిదేళ్ల కోపం, ఒక్కసారే వచ్చింది.

"అందరికీ నమస్కారం. కోటని ఆపింది ఏఐ కాదు, మనిషి. ఈ పని చేసినవాళ్ళు పైడిరాజు, సింధు. అఫిలియేషన్, ఎడమ వింగ్, తాడు పక్కన."

మైకు కట్టేసి వెనక్కి తిరిగాను. విజయ్‌కుమార్ నన్ను చూస్తూ "సోమవారం చెప్తాను నీ సంగతి" అని పళ్ళు నూరి వెళ్ళిపోయాడు. మావ మాత్రం నవ్వుతున్నాడు.

"నా పేరు ముందెట్టీసినావేటి? ఇంటర్వ్యూ నీది కదా."

ఆ నవ్వు చూసి ఇక దాచలేకపోయాను. "పేపర్లోనూ ముందే ఉండేది మావా. ఆయన కొట్టేశాడు. నాకు అభ్యంతరం లేదని నేనూ సంతకం పెట్టాను. ఆర్నెల్లయింది."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

"నువ్వు కూడానా పాపా," అన్నాడు.

అవతల జనం ఇంకా అరుస్తున్నారు. మావ తన చేతిలో తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"జనం అడుగుతన్నారు. తెర లేపి, నువ్వే మళ్ళీ సెప్పు. ఈ సంతకం సంగతి కూడా సెప్పు."

రెండు చేతులతో పట్టి లాగాను. అరచేతులు మండిపోయాయి. తెర లేచింది.