అన్నం తిన్న తర్వాత

ఆలూరు హైస్కూల్లో తెలుగు చెప్పే బసవరాజు చేతికి డాక్టరు మధులత ఒక చీటీ ఇచ్చింది. ఆసుపత్రిలో షుగరు మాత్రలతో పాటు ఇచ్చే చీటీ అది. "ఈ మాత్రలను ఉదయం, రాత్రి ఆహారానంతరం సేవించవలెను" అని ఉంది.

"దీన్ని మామూలు తెలుగులో రాసివ్వండి సార్. ఎల్లుండి కర్నూల్లో ప్రింటుకివ్వాలి" అంది. చీటీ వైపు చూసి, "ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ చదివిందే లేదు. అక్క నోటితో చెప్పేది కదా" అంది.

అక్క అంటే శివజ్యోతి, బసవరాజు భార్య. పద్దెనిమిదేళ్లు ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేసింది. పోయి నాలుగు నెలలైంది. బసవరాజు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో పని సులువుగానే అయింది. 'ఆహారానంతరం' కొట్టేశాడు. 'సేవించవలెను' కొట్టేశాడు. "ఈ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అన్నం తిన్న తర్వాత వేసుకోవాలి" అని రాశాడు. రెండో తరగతి పిల్లలకైనా అర్థమవుతుంది. అయినా ఎవరితోనైనా చదివించి చూడాలనిపించింది. ఇన్నేళ్లుగా పిల్లల రాత దిద్దుతున్నాడు గాని, తాను రాసింది ఎదుటివాళ్లకు ఏమని వినబడుతుందో ఎప్పుడూ అడిగి చూడలేదు.

మరునాడు పొద్దున్నే వెళ్లేసరికి ఆసుపత్రి అరుగు మీద హులిగెమ్మ కూర్చుని ఉంది. కుడికాలి బొటనవేలికి కట్టు. నెలరోజులుగా పుండు మానడం లేదు. షుగరు దిగకపోతే వేలు తీయించడానికి కర్నూలు పంపక తప్పదని మధులత చెప్పేసింది. మాత్రలు వేసుకుంటున్నానని ముసలామె అంటుంది. షుగరు మాత్రం దిగదు.

"అవ్వా, ఇది కొంచెం చదువుతావా?"

"నాకు పరీక్ష పెడతాండావా సారూ? అయిదో తరగతిలో ఒక సారు ఫెయిలు చేసె. మళ్లీ నువ్వొకనివా?"

అంటూనే చీటీ అందుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. ఏ మాట దగ్గరా ఆగలేదు. బసవరాజుకు లోలోపల సంతోషమనిపించింది.

"ఏం చెప్పినారు దీంట్లో?"

"అన్నం తిన్నాక మాత్ర యేసుకోమని. కొత్త నర్సమ్మ గూడా ఇదే చెప్పె. నేను అట్లే యేసుకుంటాండా."

"నిన్న రెండూ వేసుకున్నావా?"

"నిన్న అన్నం యాడిది?"

బసవరాజుకు వెంటనే అర్థం కాలేదు. "మరేం తిన్నావు?"

"రొట్టె. పొద్దున జొన్నరొట్టె, రాత్రికీ అదే. అన్నం వండేది ఎవరన్నా చుట్టాలొస్తేనే. అన్నం తిన్న పొద్దు మాత్రం మాత్ర ఎప్పుడూ తప్పలే." ఆయన మొహం చూసి ఇంకో మాట చేర్చింది. "అన్నం తగ్గించమని డాక్టరమ్మే చెప్పె గదా. అన్నం తగ్గించితి, మాత్రా తగ్గె."

ఆయన చీటీ వైపు చూశాడు. ఆ వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు. ఇబ్బందంతా తెలిసిన మాటతోనే వచ్చింది. తన ఇంట్లో అన్నమంటే భోజనం. ఈమె ఇంట్లో అన్నమంటే అన్నమే.

"శివజ్యోతి ఏమని చెప్పేది?" ఇంటి బయట ఆ పేరు పలకడం ఈ నాలుగు నెలల్లో అదే మొదలు.

"ఆయమ్మ చెప్పకముందు అడుగుతాండె. అవ్వా, పొద్దున ఏం తింటావు, రాత్రికి ఏం తింటావు అని. నేను రొట్టె అంటే, రొట్టె తిన్నాక ఒకటి అని చెప్తాండె. మా పక్కింటి వీరభద్రకు సంగటి తిన్నాక అని. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్తాండ్లే. కొత్తామె వచ్చి అన్నం తిన్నాక అంటే, మందు మారిందేమో అనుకుంటి."

బసవరాజు జేబులోంచి పెన్ను తీశాడు. 'అన్నం' కొట్టేశాడు. ఆ చోట ఇంకో మాట కోసం చాలాసేపు చూశాడు. చివరికి చీటీ తిరగేసి కొత్తగా రాసుకొని లోపలికి వెళ్లాడు.

"పొద్దున ........ తిన్నాక ఒకటి. రాత్రి ........ తిన్నాక ఒకటి."

మధులత రెండుసార్లు చదివింది. "ఈ ఖాళీలేంటి సార్? ప్రింటులో మాట ఎగిరిపోయిందనుకుంటారు."

"ఏం తింటారో అడిగి రాయాలి. అడగకపోతే చీటీ పూర్తి కాదు." అరుగు మీద తాను విన్నదంతా చెప్పాడు.

ఆమె కిటికీలోంచి హులిగెమ్మ కాలి కట్టు వైపు చూసింది. "ఒక్కొక్కరికీ రాయాలంటే క్యూ ఎక్కడిదాకా పోతుందో" అంది గాని, ప్రింటుకిచ్చే ఫైల్లో ఆ కాగితమే పెట్టుకుంది.

బసవరాజు ఇంకో కాగితం మీద అదే రాసి, రెండు ఖాళీల్లోనూ 'రొట్టె' అని నింపి తెచ్చాడు. హులిగెమ్మ చదివింది.

"మరి అన్నం తిన్న పొద్దు?"

బసవరాజు పెన్ను మళ్లీ తీయబోయాడు.

"తెలుసులే సారూ. ఊరికే అడిగితి." ముసలామె నవ్వుతూ చెంగు మూట విప్పి, రొట్టె సగానికి తుంచింది. "నువ్వేం తింటివి పొద్దున?"

ఇంకా ఏమీ తినలేదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇంద" అని సగం చేతిలో పెట్టింది.

రొట్టె గట్టిగా ఉంది. ఇద్దరూ మెల్లగా నమిలారు. తినడం అయ్యాక హులిగెమ్మ మాత్ర తీసి నోట్లో వేసుకుంది.