బుజ్జిగాడి గీత

మా ల్యాబు ఫ్రీజరులో మూడో అరలో ఉండే చిన్న గొట్టాన్ని అందరూ బుజ్జిగాడు అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. అందులో ఉన్నది మా అక్క కొడుకు రక్తంలోంచి తీసిన డీఎన్‌ఏ. వాడు పోయి ఆరేళ్ళయింది. పాలలో ఉండే ఒక పదార్థం వాడి ఒంటికి అరిగేది కాదు. అది మెదడుకెక్కి, రెండో పుట్టినరోజు రాకుండానే వాణ్ణి తీసుకుపోయింది.

ఆ జబ్బు ఏ జన్యువు వల్ల వస్తుందో కనిపెడతామని పరిశోధకులు వచ్చినప్పుడు, వాడి రక్తం ఇమ్మని అక్కని ఒప్పించిందీ నేనే. వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాను.

"ఏముందే ఇందులో?" అంది అక్క.

"ఏముంటుందక్కా, నీ చాదస్తం కాకపోతే! పెట్టు సంతకం. ఇంకో తల్లికి ఈ ఏడుపు లేకుండా పోతుంది."

నిజం చెప్పొద్దూ, నేనూ చదవలేదు. పన్నెండు పేజీలు, చీమల్లాంటి అక్షరాలు. పొద్దస్తమానం మైక్రోస్కోపులో కళ్ళు పెట్టుకు కూర్చునే నాకు ఆ కాగితాలు చూడటానికి బద్ధకమేసింది.

జన్యువు దొరికింది, పరీక్షా తయారైంది. మొదట్లో మా ల్యాబులోనే చేసేవాళ్ళం. బిడ్డ నమూనాని బుజ్జిగాడి నమూనా పక్కన పెట్టి, జెల్లు అనే జిగురు పలకలో కరెంటుతో నడిపిస్తే దాని మీద గీతలు పడతాయి. బిడ్డ గీత బుజ్జిగాడి గీతకి సరిసమానంగా ఆగిందంటే జబ్బున్నట్టే. పొద్దున మొదలుపెడితే సాయంత్రం టీ వేళకి తేలిపోయేది. జబ్బున్న పిల్లలకి వెంటనే వేరే పాలపొడి పట్టేవారు, వాళ్ళు హాయిగా పెరిగేవారు. "మావాడు ఎంతమందిని కాస్తున్నాడో చూడవే" అని అక్క మురిసిపోయేది.

పోయినేడు ఒక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అక్క సంతకం పెట్టిన కాగితాల పుణ్యమా అని ఆ పరీక్ష మీద పేటెంటు వాళ్ళదట. లైసెన్సు లేకుండా ఎవరు చేసినా కోర్టుకి లాగుతారట. ఉత్తరం చదివి మా సారు నీరుగారిపోయారు.

"ఇంకొక్కటి చేసినా ల్యాబుకి తాళమేనమ్మా" అన్నారు.

"మరి బుజ్జిగాడో?"

"ఉండనీ. వాడి జోలికి మాత్రం పోకు."

ఇప్పుడు అక్కకి ఆడపిల్ల పుట్టింది. జబ్బుంటే ఇరవై రోజుల్లోపు పాలు మార్చాలి, ఆ తరువాత మార్చినా లాభం లేదని పిల్లల డాక్టరమ్మ చెప్పింది. కంపెనీ వాళ్ళేమో బిడ్డ పుట్టకముందు పేరు రాసుకోరు. పుట్టాక ఫోను చేస్తే, వరుసలో ఏడు వారాలు ఆగమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమ్మా, ఆ పరీక్ష పుట్టిందే మా పిల్లాడి రక్తంలోంచి!" అని అరిచాను.

"మీ ఫైలు నంబరు చెప్పండి మేడమ్" అంది అవతలి పిల్ల, పాపం, మర్యాదగానే.

ఆదివారం పొద్దున్నే ల్యాబు తాళం తీశాను. సారుకి చెప్పలేదు. చిన్నదాని మడమలోంచి తీసిన రక్తపు చుక్కని బుజ్జిగాడి పక్కన పెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సాయంత్రానికి గీతలు పడ్డాయి. స్కేలు పెట్టి చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒక్క చోటే ఆగారు.

తిన్నగా డాక్టరమ్మ ఇంటికి పరుగెత్తాను.

"నీ చేతి పరీక్షని నేను నమ్ముతానమ్మా" అంది ఆవిడ. "కానీ ఆ పాలపొడి బయట షాపుల్లో దొరకదు. ఆస్పత్రి స్టోరులో ఇవ్వాలంటే కంపెనీ రిపోర్టు నంబరు కొట్టాలి. నంబరు లేకపోతే కంప్యూటరు ముందుకు కదలదు."

"ఆ పిల్ల బతుకు ముందుకు కదలదే, దాని సంగతేంటండీ?"

ఆవిడ తల దించుకుంది. "స్టోరు వాళ్ళ కాళ్ళు పట్టుకుని చూస్తాను. ఇవ్వరు. పోయిన నెల ఇంకో బిడ్డకీ ఇలాగే ఇవ్వలేదు. నువ్వు చేశావని మాత్రం ఎక్కడా అనకు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది."

ఇంటికెళ్ళేసరికి అక్క అదే వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిల్లకి పాలిస్తోంది. నా మొహం చూసింది.

"చెప్పవే."

చెప్పాను. అక్క ఉలిక్కిపడి పిల్లని రొమ్ము నుంచి లాగేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మామూలు డబ్బాపాలూ దానికి విషమే. అక్క దాన్ని భుజాన వేసుకుని ఊపింది, నీళ్ళు చుక్కలు చుక్కలుగా పట్టింది, ఏదేదో పాడింది. అది ఊరుకుంటేనా! ఆకలికి ముడుచుకుపోతున్న పిల్లని ఇద్దరం ఎంతసేపని చూడగలం? చివరికి అక్క కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ రొమ్ముకి ఆనించుకుంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

తరువాత సంచీలోంచి, ఆ రిపోర్టు నంబరు రావాలంటే ఇవ్వాల్సిన కంపెనీ ఫారం తీసి బల్ల మీద పెట్టాను. ఈసారి అక్క మొదటి అక్షరం నుంచీ చదివింది. ఒక్కో పేజీ పూర్తికాగానే తిప్పమని నాకు సైగ చేసింది. ఆఖరి పేజీలో ఒక చోట ఆగి పైకే చదివింది.

"ఈ నమూనా నుంచి ఇకముందు ఏమి కనిపెట్టినా, దాని మీద హక్కులన్నీ కంపెనీవే." తలెత్తింది. "పెట్టకపోతే?"

"వరుసలోకే తీసుకోరక్కా."

ఒళ్ళో పిల్ల గుటకలు వేస్తూ తాగుతోంది. కాగితం కదలకుండా నేను రెండు చేతులతో నొక్కిపట్టాను. అక్క సంతకం పెట్టింది.