పొగాకు కొట్టానికి వెనక తలుపు

గంగులమ్మ చేతులు సింకులో ఉన్నాయి, చెవి మాత్రం అమెరికాలో ఉంది.

తలగుడ్డ కింద ఇయర్‌ఫోన్. అందులో వెంకటేశ్వరి గొంతు. కువైట్‌లోని ఫర్వానియాలో బ్యూటీపార్లర్ ఊడ్చే మనిషి, చదివింది ఏడో క్లాసు. దొరికిన నవలనల్లా చదివి గ్రూపులో వాయిస్ మెసేజీలుగా పెడుతుంది. కువైట్ వంటిళ్లలో చాకిరీ చేసే నలభై మంది కడప, రాయచోటి ఆడవాళ్లు అంట్లు తోముతూ వింటారు. ఇంటి యజమానురాలిని వాళ్లంతా 'మామా' అంటారు.

ఈసారి కథలో బానిసగా పుట్టిన నల్లపిల్ల దొర తోట నుంచి పారిపోయి పొగాకు కొట్టంలో దాక్కుంది. బయట వేటకుక్కలు మొరిగాయి. విషపుదుంప కొరికి చచ్చిపోయింది. అంతే కథ.

గంగులమ్మకు ఒళ్లు మండింది. ఇది మూడో అమెరికా నవల. మూడింటిలోనూ నల్ల ఆడదే చచ్చింది. రాసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, బానిసత్వం పాపమనే రాశారు. కానీ ఆమెను చంపితే తప్ప వాళ్లకు ఏడుపు రాదు!

చేతులు తుడుచుకుని మైకు నొక్కింది.

"సచ్చేకేనా అక్కా ఆ యమ్మి అంత దూరం పరిగెత్తింది? కొట్టానికి ఎనక తలుపు లేదా?"

"రాసినాయప్ప పెట్టలేదు మే. నన్నేం జేయమంటావు?"

"ఆయప్ప పెట్టకుంటే మనం పెడదాం."

గ్రూపులోని గంగారత్నం అందుకుంది. "కుక్కలకు రాత్రి మిగిలిన మాంసం ఎయ్యమను. మా మామా పిల్లులకు నేను ఏస్తాండా గదా!"

ఆసియా బీ పకపకా నవ్వింది. "చెత్త మూట పట్టుకోని పొమ్మను. చెత్త మోసేదాని మొగం ఎవురు సూస్తారు?"

గంగులమ్మ నవ్వలేదు. తన ఒప్పందం అయిపోయి నాలుగు నెలలు. అయిపోయాక ఊరికి విమానం టికెట్టు కొనివ్వాల్సింది మామానే. ఇంటికి పోతానంటే మామా "రేపు, రేపు" అంటుంది. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. అది లేకుండా గేటు దాటితే జైలేనని గంగులమ్మ నమ్మకం. గ్రూపులో సగం మంది నమ్మకమూ అదే.

"పాసుపోర్టు లేకుండా పోతే ఆ యమ్మిని పట్టుకోరా?" అని అడిగింది.

ఆ కాలపు బానిసకు పాస్‌పోర్టేమిటని ఎవరూ అడగలేదు. వెంకటేశ్వరికి అర్థమైంది.

"నీ పాసుపోర్టు పెట్టుకునే హక్కు మీ మామాకు లేదు మే! నీ బతాకా, గుర్తింపు కార్డు, నీకాడుందా? దాంతోనే రా. పనోళ్ల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుంది. రేపు పదికి మీ వీధి మలుపుకాడ ట్యాక్సీలో ఉంటా."

మర్నాడు పదింటికి గంగులమ్మ చెత్త మూట ఎత్తింది. సోఫాలో మామా ఫోనులోంచి తల ఎత్తలేదు. గేటు దాటింది. వీధి మలుపులో మూట చెత్త డబ్బాలో విసిరింది.

"యల్లా మే, ఎక్కు!" ట్యాక్సీ తలుపు తెరిచి తొందరపెట్టింది వెంకటేశ్వరి.

ఆఫీసువాళ్లు ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి మామా బుసలు కొడుతూ వచ్చింది. సొంత బిడ్డలా చూసుకున్నానని అధికారి ముందు గుండె బాదుకుంది.

గంగులమ్మ వచ్చిన అరబ్బీలోనే అడిగేసింది. "బిడ్డనైతే నా పాస్‌పోర్టుకు తాళమెందుకు మామా?"

అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. మామా సంచీలోంచి పాస్‌పోర్టు తీసి బల్లమీద పడేసింది. గంగులమ్మ దాన్ని రవికెలో దోపుకుంది. మళ్లీ చెయ్యి చాపింది.

"టికెట్టు?"