నీలం ముక్కల బస్తాలు

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కొళాయి కట్టెయ్యండి, మూలనున్న ఇద్దరూ ముచ్చట్లు ఆపండి. నా ముక్కు ఒక ఫ్యాక్టరీని ఎలా ఆపిందో చెబుతాను. ఇందులో పిసరంత అబద్ధమున్నా నా ముక్కు ఊడి కిందపడాలి.

వీధి చివరింట్లో పాలు విరిగితే మా పెరట్లో నిలబడి చెప్పేదాన్ని. ఒకసారి వాళ్ళు పాలు కొనకముందే చెప్పాను. ఈ విద్య నాకు ఏ బడీ నేర్పలేదు, ఇరవై ఏళ్ళ ఇంటి చాకిరీ నేర్పింది. ఏ అన్నం నిన్నటిది, ఏ బట్ట సరిగ్గా ఆరలేదు, పసిదానికి ఒళ్ళు ఎప్పుడు కాలబోతోంది, అన్నీ ముక్కుతోనే కనిపెట్టాను. అత్తగారికి అది పనిలా కనబడలేదు. "వాసనలు చూడ్డం కూడా ఒక పనేనా?" అనేది. మా ఆయన నాకు కుక్కముక్కని పేరు పెట్టి, చుట్టాలొస్తే పిలిచి మరీ చూపించేవాడు.

చివరికి ఆ ముక్కే నాకు ఉద్యోగం తెచ్చింది. మా ఆయన మిషను నడిపే ఫ్యాక్టరీలోనే, పాత ప్లాస్టిక్ డబ్బాలు వాసన చూసి ఏరే పని. వాటిని ముక్కలు చేసి, కడిగి, కరిగించి అచ్చుల్లో కొత్త సామాను పోస్తారు. మా దగ్గర పారేసేదంటూ ఏదీ లేదని యజమాని గోడల నిండా రాయించుకున్నాడు. ఈమధ్య రంగు చూసి డబ్బాలు ఏరే మిషను వచ్చింది. నా చేతికి చీపురొచ్చింది.

ఆ రోజు బడిపిల్లలు నీళ్ళు తాగే గ్లాసులు పోస్తున్నారు. నీలం ముక్కల బస్తాలు వరసగా ఉన్నాయి. ఊడుస్తూ పక్కనుంచి వెళ్ళానో లేదో, పురుగుమందు. ఎన్ని నీళ్ళు పోసినా పోకుండా ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయిన వాసన. మిషనుకి నీలం ఒక్కటే తెలుసు, ఆ డబ్బాలో ముందు ఏముండేదో దానికెలా తెలుస్తుంది? మా ఆయనకి మెల్లగా చెప్పాను.

"ఇంట్లో నీ మాట వింటున్నానా, ఇక్కడ వినడానికి?" అన్నాడు.

నిజమే, ఒక్కనాడూ వినలేదు. అంత సూటిగా ఒప్పుకున్నందుకు నాకు కోపం కూడా రాలేదు. చీపురు గోడకి ఆనించి, వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాను. అంతటి చప్పుడూ ఒక్కసారి ఆగేసరికి పక్క ఊళ్ళో కునుకు తీస్తున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచారట.

యజమాని వచ్చాడు. ఉద్యోగం ఉండాలని ఉందా లేదా అని అడిగాడు. ఉందనే చెప్పాను. అప్పటికే తయారైన గ్లాసు ఒకటి తీసి, వేడినీళ్ళు నింపి ఆయన చేతికిచ్చాను.

"మొదటి గుక్క మీరు తాగండి సార్. తర్వాత నన్ను పంపించేద్దురుగాని."

గ్లాసు పెదవుల దాకా వెళ్ళి అక్కడే ఆగింది. ఆయనదీ ముక్కే కదా. దాన్ని మా ఆయనకి అందించాడు. మా ఆయన అంతకంటే వేగంగా బల్లమీద పెట్టేశాడు. ఇరవై ఏళ్ళలో నా మాట విన్న మొదటి రోజు అదే.

బస్తాలన్నీ బయటికి నడిచాయి. నేను వాసన చూడకుండా ఇకమీద ఒక్క ముక్క కూడా లోపలికి పోదనీ, ఊడ్చడానికి వేరే మనిషిని చూసుకోమనీ యజమానికి చెప్పాను. సరేనన్నాడు. ఇంట్లో పొయ్యిమీద ఏది మాడుతోందో ఇకనుంచి మీరే చూసుకోండని మా ఆయనకీ అక్కడే చెప్పేశాను.

గేటు దగ్గరి కాపలా తాత అంతా విని, చాలాసేపు ఆలోచించి నన్ను పక్కకి పిలిచాడు.

"అయితే నీకు జలుబు చేసిన రోజు మాకందరికీ సెలవేనా అమ్మాయ్? సెలవే అయితే గురువారం కాస్త వానలో తడువు తల్లీ, శుక్రవారం మా మేనకోడలి పెళ్ళుంది."